వెబ్‌సైటా, ఇన్‌స్టాగ్రామా? మీ పిండివంటల షాపుకి ముందు చేయాల్సిన పని వేరే ఉంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. గుంటూరు లక్ష్మీపురంలో మీ నాన్నగారు 14 ఏళ్ళుగా పిండివంటలు, పచ్చళ్ళ షాపు నడుపుతున్నారు. రోజువారీ గిరాకీ బాగానే ఉంది, పెళ్ళి సారెలకి ఆర్డర్లు వస్తాయి, అప్పుడప్పుడు హైదరాబాద్‌కీ బెంగళూరుకీ పార్సిళ్ళు వెళ్తాయి. ఒకాయన వెబ్‌సైట్ చేసిపెడతానని 45 వేలు అడిగాడు. మీ తమ్ముడేమో ఇన్‌స్టాగ్రామ్ పేజీ చాలు, ఈ రోజుల్లో వెబ్‌సైట్లు ఎవరు చూస్తారు అంటున్నాడు. రెండిటికీ పెట్టే స్తోమత లేదు, ఏదో ఒకటి చెప్పండి అన్నారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడున్న పరిస్థితిలో మీకు 45 వేల వెబ్‌సైట్ వద్దు. అలాగని ఇన్‌స్టా కూడా మొదటి పని కాదు. ముందు గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపుని సరిగ్గా పెట్టుకోండి. షాపు కోసం విడిగా ఒక సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ (షాపుల కోసం వాట్సాప్ వాళ్ళే ఇచ్చే వేరే యాప్) మొదలుపెట్టండి. సిమ్ ఖర్చు తప్ప ఈ రెండిటికీ పైసా అక్కర్లేదు. అవి కుదురుకున్నాక ఇన్‌స్టా. ఆరు నెలలకో ఏడాదికో ఒకే పేజీ ఉన్న చిన్న వెబ్‌సైట్. దానికి కావలసిన డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ అడ్రస్, మాత్రం ఈ వారంలోనే కొని పెట్టుకోండి, దాని సంగతి కింద చెప్తాను.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ, ఫ్లెక్స్ పనితో మొదలుపెట్టి, గత పదకొండేళ్ళుగా ఇక్కడి షాపులకి వెబ్‌సైట్లు, పేజీలు, యాడ్స్ చూస్తున్నాను. వెబ్‌సైట్లు చేసి డబ్బు తీసుకునే మనిషినే, అయినా మీకు ముందే వెబ్‌సైట్ వద్దని ఎందుకంటున్నానో చెప్పాలి కదా.

షాపుకి వచ్చేవాళ్ళు రెండు రకాలు. ఒకరికి అవసరం ముందే ఉంటుంది, ఎక్కడ దొరుకుతుందో వెతుకుతారు. ఇంకొకరికి ఆ క్షణంలో అవసరం లేదు, కంటికి కనిపిస్తే మనసు పుడుతుంది. మొదటి రకం వాళ్ళు గూగుల్‌లో అడుగుతారు. రెండో రకం వాళ్ళు ఫోన్‌లో వేలితో రీల్స్ తోసుకుంటూ పోతుంటారు. మీ వ్యాపారానికి ఏ రకం వాళ్ళు ఎక్కువో తెలియకుండా వెబ్‌సైటా ఇన్‌స్టానా అని తేల్చడం కష్టం.

మొదటి రకానికి నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది, గుర్తుందిగా. నీళ్ళు తీశాక ప్రతి ఇంట్లో ఫ్రిజ్ పాడు, వాషింగ్ మెషిన్ పాడు, బండి స్టార్ట్ కాదు. నాకు తెలిసిన ఫ్రిజ్ మెకానిక్ ఒకతను ఉన్నాడు, వెబ్‌సైట్ లేదు, ఫేస్‌బుక్ లేదు, ఇన్‌స్టా అంటే ఏంటో తెలియదు. రెండేళ్ళ ముందు ఫ్లెక్స్ కోసం మా దగ్గరికి వస్తే ఊరికే మ్యాప్స్‌లో పెట్టి ఇచ్చాం, వెళ్ళిన ప్రతి ఇంట్లో రివ్యూ రాయమని అడగడం ఒక్కటి నేర్పాం. ఆ నెలంతా అతని ఫోన్ ఆగలేదు. అన్నం తినడానికి కూడా ఫోన్ పక్కన పెట్టలేకపోయాడు, చివరికి బావమరిదిని కూర్చోబెట్టి కాల్స్ రాయించాడు. ఇన్‌స్టాలో పదివేల మంది ఫాలోవర్లు ఉన్నా ఆ రోజు అంత ఉపయోగపడేది కాదు, ఎందుకంటే ఫ్రిజ్ మునిగిన మనిషి రీల్స్ చూస్తూ కూర్చోడు.

రెండో రకానికి ఇక్కడి వన్‌టౌన్‌లో, వస్త్రలత బట్టల మార్కెట్‌లో చీరల షాపు ఒకటి. చీర కొనాలని అనుకోకుండానే చీర కొంటారు కదా, అక్కడ వీడియో పని చేస్తుంది. ఆ షాపామె రోజూ మధ్యాహ్నం గిరాకీ పలచగా ఉన్నప్పుడు ఒక గంట చీరలు విప్పి చూపిస్తూ లైవ్ పెడుతుంది, ధర నోటితోనే చెప్పేస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపితే పక్కన పెట్టేస్తుంది. శ్రావణమాసంలో, వరలక్ష్మీవ్రతం ముందు వారం, షాపుకొచ్చే బేరం కంటే ఫోన్ బేరమే ఎక్కువ. ఆమెకి వెబ్‌సైట్ చేయమని నేను ఎప్పుడూ చెప్పలేదు, ప్రతి చీరా ఒక్కటే పీసు, ఫొటో ఎక్కించేలోపు అమ్ముడైపోతుంది.

మీది ఈ రెండిటికీ మధ్యలో ఉంది. సాయంత్రం జంతికలు, చెక్కలు కొనేది దారిన పోయేవాళ్ళు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు. వాళ్ళకి మీరు ఆన్‌లైన్‌లో ఉన్నా లేకున్నా ఒకటే. కానీ సారె ఆర్డర్ అలా కాదు. పిల్ల తరఫువాళ్ళు నెల ముందే నాలుగు షాపులు కనుక్కుంటారు, అరిసెలు వంద ఎంత, సున్నుండలు కిలోకి ఎన్ని తూగుతాయి, బుట్టల్లో సర్ది ఇస్తారా, మంగళగిరి దాకా తెచ్చి ఇస్తారా అని అడుగుతారు. అది వెతికి కొనే బేరం. ఒక్క సారె ఆర్డర్ మీకు ఎన్ని రోజుల కౌంటర్ గిరాకీతో సమానమో నాన్నగారిని అడగండి. పార్సిళ్ళ సంగతి వేరే, అక్కడ పచ్చడి చూసి నోరూరి అడిగేవాళ్ళూ ఉంటారు, పేరు విని వెతికేవాళ్ళూ ఉంటారు.

అందుకే ఏమీ మొదలుపెట్టకముందు ఒక పని చేయండి. కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి 15 రోజులు ప్రతి కొత్త మనిషినీ "మా షాపు ఎలా తెలిసిందండీ?" అని అడిగి గీతలు గీయండి. దారిన పోతూ చూశాం, ఎవరో చెప్పారు, మ్యాప్‌లో చూశాం, ఫోన్‌లో వీడియో చూశాం, ఈ నాలుగు గళ్ళు చాలు. సారె ఆర్డర్లకీ పార్సిళ్ళకీ విడిగా ఇంకో పేజీ. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకీ ముందు ఇదే చెప్తాను, సగం మంది చేయరు, చేసినవాళ్ళు మాత్రం వాళ్ళు అనుకున్నది ఒకటి, నోట్‌బుక్‌లో ఉన్నది ఇంకొకటి అని ఆశ్చర్యపోతారు. మీరు మొత్తం "ఎవరో చెప్పారు" గడిలోనే గీతలు చూస్తే, మీ డబ్బు పెట్టాల్సింది ఆన్‌లైన్‌లో కాదు, మంచి డబ్బా మీద, దాని మీద పెద్దగా కనిపించే ఫోన్ నంబర్ మీద.

ఇప్పుడు మ్యాప్స్ సంగతి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు, 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవాళ్ళు. 14 ఏళ్ళ షాపు కాబట్టి ఎవరో ఒకరు ఇప్పటికే మీ షాపుని మ్యాప్‌లో పెట్టి ఉండొచ్చు, ముందు వెతికి చూడండి. ఉంటే అది మాదేనని క్లెయిమ్ చేసుకోండి, ఇంకోటి కొత్తగా పెట్టకండి, రెండుంటే రివ్యూలు చీలిపోతాయి. వెరిఫికేషన్‌కి వీడియో అడగొచ్చు. కట్ చేయకుండా ఒకేసారి తీయాలి: రోడ్డు, పక్క షాపులు, మీ బోర్డు, లోపలికి వచ్చి కౌంటర్, గల్లాపెట్టె దగ్గర మీరు, లేదంటే షట్టర్ తాళం తీస్తూ. ఇది మా షాపే, మేమే నడుపుతున్నాం అని తెలియాలి, అంతే. చాలామంది బోర్డు ఒక్కటి చూపించి ఆపేస్తారు, అది చాలదు.

పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే పెట్టండి. పేరు పక్కన "గుంటూరులో బెస్ట్ స్వీట్స్ పికిల్స్ హోం ఫుడ్స్" అని తోకలు తగిలించమని కొందరు సలహా ఇస్తారు, అలా చేస్తే గూగుల్ ఆ ప్రొఫైల్‌ని ఆపేసే ప్రమాదం ఉంది. డబ్బులిచ్చో, స్వీట్ ప్యాకెట్ ఆశ చూపించో రివ్యూలు రాయించుకోవడం కూడా వాళ్ళ రూల్స్‌కి విరుద్ధం. మర్యాదగా అడగండి చాలు, సారె అందుకుని సంతోషంగా ఉన్నప్పుడు అడిగితే కాదనరు. ఇంకొకటి, "గూగుల్ నుంచి ఫోన్ చేస్తున్నాం, డబ్బు కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తాం" అని ఫోన్లు వస్తాయి. ఆ లిస్టింగ్ ఉచితం, పెట్టేయండి ఫోను.

ఫొటోలు మీరే తీయండి. రోడ్డు అవతలి నుంచి బోర్డు కనిపించేలా ఒకటి తప్పకుండా ఉండాలి, స్కూటర్ మీద వచ్చే మనిషి దాన్ని బట్టే గుర్తుపడతాడు. సర్దిన సారె బుట్టల ఫొటోలు ఎన్ని ఉంటే అంత మంచిది. పండగలకి టైమింగ్స్ మార్చడం మర్చిపోకండి. మూసిన షాపు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిన మనిషి రాసే ఒక్క స్టార్ రివ్యూ చాలా కాలం బాధిస్తుంది.

వాట్సాప్ బిజినెస్ గురించి తక్కువే చెప్తాను, మీకు తెలిసే ఉంటుంది. కేటలాగ్‌లో వస్తువులు, ధరలు పెట్టండి. లేబుల్స్ వాడండి, "కొత్త ఆర్డర్", "డబ్బులు రావాలి", "పార్సిల్ వెళ్ళింది" అని. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపేది) 256 మంది పరిమితి, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ వెళ్తుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "నంబర్ సేవ్ చేసుకోండి అమ్మా, కొత్త ఆవకాయ రాగానే చెప్తాం" అనాలి. ఎక్కడి నుంచో నంబర్లు కొని మెసేజ్‌లు గుప్పించకండి. నాకు తెలిసిన ఒక ఫర్నిచర్ షాపాయన అలా చేసి, జనం రిపోర్ట్ కొట్టేసరికి నంబర్ బ్యాన్ అయి, తొమ్మిదేళ్ళ కస్టమర్ల చాట్‌లన్నీ పోగొట్టుకున్నాడు.

ఇన్‌స్టా దగ్గరికి వద్దాం. మీ తమ్ముడి మాట తీసిపారేయను. అరిసెల పాకం తీయడం, పిండి కలపడం, నూనెలోంచి తీసి రెండు గరిటెల మధ్య ఒత్తడం, ఇవి చూడ్డానికి ఎంత బాగుంటాయో. వంట చేసే అమ్మ చేతులు చూపిస్తే చాలు, మ్యూజిక్ కూడా అక్కర్లేదు. కానీ మూడు విషయాలు తమ్ముడితో కూర్చుని మాట్లాడండి.

ఒకటి, ఎవరు చేస్తారు? మొదటి నెల ఉత్సాహంగా రోజూ పెడతారు, రెండో నెల వారానికి ఒకటి, నాలుగో నెలకి పేజీ ఆగిపోతుంది. చివరి పోస్టు పోయిన సంక్రాంతిది అయితే ఈ షాపు ఉందా తీసేశారా అనుకుంటారు. వారానికి రెండు చొప్పున ఆరు నెలలు పెట్టగలిగితేనే మొదలుపెట్టండి.

రెండు, చూసినవాళ్ళంతా కొనేవాళ్ళు కాదు. విజయవాడలో ఒక టిఫిన్ సెంటర్ రీల్ మూడు లక్షల మంది చూశారు, ఓనర్ నాకు ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు. మర్నాడు కౌంటర్ దగ్గర ఎప్పటిలాగే ఉంది. రీల్‌లో ఏ ఊరో లేదు, ఏ సెంటరో లేదు, చూసినవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో. ఆ తర్వాత ప్రతి వీడియో మొదటి మూడు సెకన్లలో ఊరు, సెంటర్ పేరు తెరమీద రాయించాం, చూసేవాళ్ళు బాగా తగ్గారు, వచ్చి తినేవాళ్ళు పెరిగారు. మీరు కూడా "గుంటూరు లక్ష్మీపురం" అని ప్రతిసారీ రాయండి. యాడ్‌కి డబ్బు పెడితే ఊరు చుట్టూ కొన్ని కిలోమీటర్ల దాకానే కనిపించేలా పెట్టుకోండి. పార్సిళ్ళ కోసమైతే హైదరాబాద్, బెంగళూరుకి విడిగా, తక్కువ డబ్బుతో నాలుగు రోజులు పెట్టి చూడండి.

మూడోది నన్ను ఎక్కువగా భయపెట్టేది. ఆ పేజీ రేపు ఉంటుందని హామీ లేదు. 2020 జూన్ 29 రాత్రి టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధించారు, మొత్తం 59 యాప్‌లు. గుంటూరులో ఇంట్లో కేకులు చేసి అమ్మే ఒక అమ్మాయికి ఆర్డర్లన్నీ దాంట్లోంచే వచ్చేవి. నా దగ్గరికి వచ్చి ఏడ్చింది, ఒక్క కస్టమర్ ఫోన్ నంబర్ కూడా రాసి పెట్టుకోలేదు. మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టింది. 2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆగిపోయి ఆరు గంటలపాటు రాలేదు, దసరా నవరాత్రులు ఇంక మూడు రోజులే ఉన్నాయి, నా కస్టమర్లు ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. ఇవి పెద్ద సంఘటనలు, కానీ రోజూ జరిగేది అకౌంట్ హ్యాక్ కావడం. "మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, ఈ లింక్ నొక్కండి" అని మెసేజ్ వస్తుంది, కంగారులో నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు, అంతే, పేజీ ఎవరి చేతిలోకో వెళ్ళిపోతుంది. కాబట్టి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగేది) పేజీ మొదలుపెట్టిన రోజే ఆన్ చేయించండి. ఓటీపీ వచ్చే నంబర్ నాన్నగారిదో మీదో అయి ఉండాలి, షాపులో పనిచేసే కుర్రాడిది కాదు. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

కస్టమర్ల పేర్లు, నంబర్లు, ఊరు, ఏం కొన్నారు, ఇవి మాత్రం ఒక పుస్తకంలోనో ఎక్సెల్‌లోనో మీ దగ్గర ఉండాలి. ఏ యాప్ పోయినా ఆ పుస్తకం ఉంటే మీ షాపు ఉంటుంది.

ఇక వెబ్‌సైట్. నేను వద్దన్నది 45 వేలదాన్ని. ఆయన ఇచ్చిన కొటేషన్ నేను చూడలేదు కానీ, షాపింగ్ కార్ట్, పేమెంట్, లాగిన్ అన్నీ కలిపి చెప్పి ఉంటాడు, ఆ పనికి అది అన్యాయమైన రేటు కూడా కాదు. మీకు నెలకి ఎన్ని పార్సిళ్ళు వెళ్తున్నాయో చూసుకోండి. 20, 30 అయితే వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని యూపీఐలో డబ్బు వేయించుకోవడం తేలిక. పేమెంట్ గేట్‌వే (వెబ్‌సైట్‌లోనే డబ్బు కట్టించుకునే సర్వీసు) పెడితే మామూలుగా రెండు శాతం దాకా వాళ్ళకి పోతుంది, దాని మీద జీఎస్టీ. ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మడం మొదలుపెడితే 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం మీ పూర్తి పేరు, అడ్రస్, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు పేజీలో చూపించాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (తినే వస్తువులు అమ్మేవాళ్ళు తీసుకునే లైసెన్స్) 14 అంకెల నంబర్ ఎలాగూ ఉండే ఉంటుంది, అది కూడా పెట్టండి. ఇవన్నీ అయ్యాక కూడా అసలు తలనొప్పి పచ్చడి డబ్బా దారిలో కారడం, దానికి వెబ్‌సైట్ ఏమీ చేయలేదు, ప్యాకింగే చేయాలి.

దానికంటే పెద్ద సమస్య ధరలు. విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర ఒక స్టీలు సామాన్ల షాపుకి నేనే మూడొందల వస్తువులతో వెబ్‌సైట్ చేశాను. ఏడాది దాటాక చూస్తే ఒక్క ధరా మార్చలేదు. జనం ఫోన్‌లో పాత రేటు చూపించి కౌంటర్ దగ్గర గొడవ పడుతున్నారు, చివరికి ఓనర్ నన్ను పిలిచి తీసేయమన్నాడు. నూనె రేటు, బెల్లం రేటు పెరిగినప్పుడల్లా మీ షాపులో ఎవరు కూర్చుని మారుస్తారు? ఆ మనిషి ఉన్న రోజున పెద్ద వెబ్‌సైట్ గురించి ఆలోచిద్దాం.

ఒక పేజీ వెబ్‌సైట్ మాత్రం మీకు పనికొస్తుంది, అది సారె కోసం. ఫోన్ చేయకుండానే తెలిసిపోవాలి: ఏమేం చేస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎక్కడిదాకా తెచ్చి ఇస్తారు, పాత ఆర్డర్ల ఫొటోలు, సుమారు ధర "ఇంత నుంచి మొదలు" అని. కింద వాట్సాప్ బటన్. అమెరికాలో ఉన్న అబ్బాయి ఇక్కడ చెల్లెలి పెళ్ళికి సారె చెప్పాలంటే మీకు అర్ధరాత్రి ఫోన్ చేయలేడు కదా, ఆ పేజీ చూసి మెసేజ్ పెట్టి పడుకుంటాడు, మీరు పొద్దున్న జవాబిస్తారు. ఆ లింకే ఇన్‌స్టా బయోలో, మ్యాప్స్‌లో, డబ్బా మీద క్యూఆర్‌గా పెట్టుకోవచ్చు.

ఈ పేజీ ఎక్కడ పెట్టినా అడ్రస్ మీ సొంత డొమైన్ పేరుతో ఉండాలి. గూగుల్ వాళ్ళు మ్యాప్స్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ ఇచ్చేవాళ్ళు, 2024 మార్చిలో వాటన్నిటినీ ఆపేశారు. ఆ అడ్రస్‌ని విజిటింగ్ కార్డుల మీద, క్యారీ బ్యాగుల మీద అచ్చు వేయించుకున్నవాళ్ళు నా కస్టమర్లలోనే కొందరు ఉన్నారు. సొంత డొమైన్ అయితే వెనకాల పేజీ ఎన్నిసార్లు మార్చినా అడ్రస్ మారదు. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల పని.

డొమైన్ మీ మెయిల్ ఐడీతో, మీ ఫోన్ నంబర్‌తో, మీ కార్డుతో మీరే కొనండి. వెబ్‌సైట్ చేసేవాళ్ళని కొనిపెట్టమని అడగొద్దు, వాళ్ళు మంచివాళ్ళయినా సరే. మా అన్నయ్య హార్డ్‌వేర్ షాపుకి, నేను ఈ పనిలోకి రాకముందు, ఒకతను తన పేరు మీద డొమైన్ కొని వెబ్‌సైట్ చేశాడు. మూడేళ్ళకి అతను ఊరు మారాడు, ఫోన్ ఎత్తడు, రెన్యువల్ కట్టలేదు. ఇంకెవరో ఆ పేరు కొనేసుకున్నారు, దాంట్లో జూదం యాడ్స్ వచ్చేవి. మా నాన్నగారి పేరు మీద ఉన్న షాపు అది. మేము బోర్డు మీద పెయింట్‌తో ఆ అడ్రస్ చెరిపించాం. అందుకే ఎవరు ఈ పని మొదలుపెట్టినా ముందు ఈ మాటే చెప్తాను.

మీ షాపు పేరులో "శ్రీ" ఉందన్నారు కాబట్టి ఇంకొక్కటి. ఆ ఒక్క అక్షరాన్నే ఇంగ్లీషులో ఎస్ ఆర్ ఐ అని, ఎస్ ఆర్ ఇ ఇ అని, మధ్యలో హెచ్ పెట్టి, మూడు నాలుగు రకాలుగా రాస్తారు. "లక్ష్మి" కూడా ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. బోర్డు మీద, బిల్లు మీద, ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితం మీద, మ్యాప్‌లో, ఇన్‌స్టాలో, డొమైన్‌లో అన్నిచోట్లా ఒకటే స్పెల్లింగ్ ఉందో లేదో ముందు చూసుకోండి. వేరువేరుగా ఉంటే కాగితాల మీద ఉన్నదాన్నే ఖాయం చేసి మిగతావి మార్చండి. డొమైన్‌కి ఆ "శ్రీ" వదిలేసి మిగతా పేరు, పక్కన గుంటూరు అని పెట్టినా బాగుంటుంది, ఫోన్‌లో చెప్తే అవతలివాళ్ళు తప్పు లేకుండా రాసుకోవాలి. మీ అత్తయ్యకో పిన్నికో ఫోన్ చేసి ఆ అడ్రస్ ఒక్కసారే చెప్పి, రాసింది తిరిగి చదవమనండి. సరిగ్గా చదివితే కొనేయండి.

15 రోజుల తర్వాత నోట్‌బుక్‌లో గీతలు ఎలా వచ్చాయో ఇక్కడే రాయండి, సారె పేజీలో ఏమేం పెట్టాలో దాన్ని బట్టి చెప్తాను.